నీటికి చోటిచ్చిన మనిషి

ఊరి పక్క వాగు పొంగిందంటే పెద్దవాళ్లకు గుబులు, పిల్లలకు పండగ. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఓ చిన్న పల్లె. వానాకాలం. తెల్లఇసుక వాగుకు వరద వచ్చిందని చెవిన పడగానే పదేళ్ల కుర్రాడొకడు ఇంట్లోంచి పరుగు తీశాడు. వరద నీళ్లలో చేపలు వస్తాయి కదా, చూడాలని! గట్టు మీద నిలబడ్డాడో లేదో కాళ్లకింద మట్టి జారిపోయింది. పిల్లాడు నీళ్లలో పడ్డాడు.

వాగు ఒడ్డున రెల్లు దుబ్బులున్నాయి. నీళ్లలోకి ఒంగిన విల్లో చెట్లున్నాయి. వాటి మధ్య నుంచి వచ్చేసరికి వరద వడి కాస్త తగ్గింది. చేతికందిన కొమ్మా రెమ్మా పట్టుకుని ఎలాగో ఒడ్డెక్కాడు.

ఆ పిల్లాడి పేరు యూ కోంగ్‌జియాన్. పెరిగి పెద్దయ్యాక ప్రపంచంలో పేరున్న ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల్లో ఒకరయ్యారు. ఏ దేశం వెళ్లినా, ఏ సభలో మాట్లాడినా ఈ సంగతి చెప్పేవారు. ఆ రోజు వాగుకు ఇప్పట్లా రెండు పక్కలా నున్నటి సిమెంటు గోడలుండి ఉంటే తాను మిగిలేవాణ్ని కాదనేవారు.

ఆ మాటనే ఆయన తన వృత్తి చేసుకున్నారు. వినడానికి తేలిగ్గా ఉంది కానీ, పెట్టిన పెట్టుబడి ఓ జీవితం.

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అనగానే మనకు గుర్తొచ్చేదేంటి? అపార్ట్‌మెంట్ గేటు పక్కన గుండ్రంగా కత్తిరించిన మొక్కలు. లాన్. నాలుగు పొడుగాటి పామ్ చెట్లు. చిన్న ఫౌంటెన్, దానికో రంగు లైటు. భవనం అంతా లేచాక, మిగిలిన చోట్లో, మిగిలిన డబ్బుతో చేసే పని. డబ్బు మిగలకపోతే చేయని పని. బ్రోచర్లో మాత్రం మొదటి పేజీ దానిదే! ఇక వాన నీళ్లు ఎటు పోవాలన్నది ప్లంబర్ చూసుకుంటాడు. వీధిలోకి పంపేస్తే సరి, ఆ తర్వాత మున్సిపాలిటీ తలనొప్పి.

యూ అచ్చంగా దీన్నే తిరగేశారు. ముందు నీళ్లకు చోటు చూడండి, మిగిలిన నేలలో ఊరు కట్టుకోండి అన్నారు. పైగా ఈ మాట అన్నది ఎక్కడ? రోజుకో వీధి, ఏడాదికో నగరం లేస్తున్న చైనాలో!

చెరువు నేర్పిన చదువు

1963లో ఆయన పుట్టే నాటికి ఆ పల్లె పూర్తిగా సేద్యం మీద బతికేది. పిల్లాడు గేదెల్ని మేపుకొచ్చేవాడు. పొలం పనుల్లో చేయి వేసేవాడు. మెరకలో కురిసిన వాన కిందికి పరుగెత్తకుండా మడులు మెట్లు మెట్లుగా ఉండేవి. దారిలో చెరువులు. ఎక్కువైతే నింపుకోవడానికి, తక్కువైతే వాడుకోవడానికి. ఏటా చెరువు అడుగు నుంచి తీసిన మట్టే పొలానికి ఎరువు. ఇందులో మన రైతుకు తెలియనిదేముంది! చెరువు మట్టి బండ్ల మీద తోలుకున్న ఇళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

1980లో ఆయనకు బీజింగ్ ఫారెస్ట్రీ యూనివర్సిటీలో సీటొచ్చింది. పల్లె నుంచి వెళ్లిన కుర్రాడికి అక్కడ నేర్పింది చక్రవర్తుల తోటలు, సంపన్నుల పెరటి వనాలు. వింత ఆకారాల రాళ్లు, కావాలని వంకర తిప్పి పెంచిన చెట్లు, రంగు చేపల కొలను. అందంగానే ఉన్నాయి. కానీ వాటిలో ఒక్కటీ కాయ కాయదు, గింజ పండదు, వరద ఆపదు.

దీనికి ఆయన తర్వాత్తర్వాత చెప్పిన పోలిక చాలామందికి గుచ్చుకుంది. చైనాలో కొన్ని వందల ఏళ్లపాటు ఆడపిల్లల పాదాలు పెరగకుండా గుడ్డలతో బిగించి కట్టేవారు. పాదం ఎంత చిన్నదైతే పిల్ల అంత అందగత్తె. పనిచేసే రైతు ఇంటి ఆడవాళ్ల పెద్ద పాదాలు మోటు. మనం మన నదులకూ అదే చేస్తున్నాం అన్నారాయన. వాటి పాదాలు కట్టేసి, ఒడ్లకు పాలరాయి తొడిగి, నడవలేకుండా చేసి, అందంగా ఉన్నాయంటున్నాం. తనకు కావలసింది పెద్ద పాదాల అందం అని తేల్చేశారు.

అమెరికా వెళ్లి 1995లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. కాలిఫోర్నియాలో ఓ పెద్ద సంస్థలో రెండేళ్లు పనిచేశారు. హాయిగా అక్కడే ఉండిపోవచ్చు. 1997లో తిరిగొచ్చేశారు. వచ్చి చూస్తే దేశమంతా ఒక్కటే సందడి. నదుల ఒడ్లు సిమెంటు. ఊరికో పెద్ద చౌక్, దాని నిండా గ్రానైట్. మైళ్ల పొడుగునా లాన్లు, పూల కుండీలు. వాటికి తాగునీళ్ల పైపులు. చిన్నప్పటి పల్లెకు వెళ్తే అక్కడి చెట్లు కొట్టేసి ఉన్నాయి. తనను బతికించిన వాగు కూడా పాత వాగు కాదు.

పెకింగ్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే 1998లో సొంత సంస్థ పెట్టారు. పేరు తురెన్‌స్కేప్. చైనా భాషలో ‘తు’ అంటే మట్టి, ‘రెన్’ అంటే మనిషి. హార్వర్డ్ నుంచి వచ్చినాయన తన కంపెనీకి పెట్టుకున్న పేరు మట్టిమనిషి!

తుప్పు, కలుపు, మర్రిచెట్లు

తొలినాళ్లలో వచ్చిన పెద్ద పని జోంగ్‌షాన్ నగరంలోది. 1950ల్లో కట్టిన ఓ పడవల కార్ఖానా దివాలా తీసి మూతపడింది. 11 హెక్టార్ల చోటు. పార్కు చేయమన్నారు. అందరి మనసులోనూ ఉన్నది ఒకటే... పాత షెడ్లు కూల్చేసి, చదును చేసి, సంప్రదాయ పద్ధతిలో ఓ చక్కని తోట వేయడం. గుండ్రటి ద్వారాలు, కొలను, మండపం. 

యూ కూల్చనన్నారు. వేలమంది జీవితం గడిపిన చోటు కదా అది. క్రేన్లు, పట్టాలు, నీళ్ల ట్యాంకులు ఉంచేశారు. వాటి మధ్య నాటింది గులాబీలు కాదు, ఆ ప్రాంతంలో దారి పక్కన దానంతటదే మొలిచే గడ్డి. డబ్బిచ్చి తుప్పునూ కలుపునూ కొంటామా అని పెద్దలు కొందరు మండిపడ్డారు. వాళ్ల కోపంలోనూ న్యాయం ఉంది. నిన్న మొన్నటి దాకా పేదరికం చూసినవాళ్లకు గడ్డి అంటే బీడు. నున్నటి గ్రానైట్ అంటే బాగుపడ్డాం అని చెప్పుకోవడం. డిజైనర్ ఎదుర్కోవలసింది మట్టినీ నీటినీ మాత్రమే కాదు, ఈ మనసును కూడా. నిజానికి ఇదే ఎక్కువ బరువు.

అసలు చిక్కుముడి వేరే ఉంది. ఆ చోటు పక్కన నది. వరద రాకుండా ఉండాలంటే నది వెడల్పు 60 మీటర్ల నుంచి 80 మీటర్లకు పెంచాలని ఇంజినీర్ల నిబంధన. పెంచితే ఒడ్డున ఉన్న పాత మర్రిజాతి చెట్లన్నీ పోతాయి. నిబంధన తప్పు కాదు, ఊరు మునగకూడదు. చెట్లు పోవడమూ ఒప్పు కాదు. ఇలాంటిచోట సాధారణంగా చెట్టే ఓడిపోతుంది. ఫైలు మీద సంతకం పడుతుంది, రంపం వస్తుంది.

యూ చెట్లకు ఇవతలి వైపున 20 మీటర్ల వెడల్పుతో మరో పాయ తవ్వించారు. 60కి 20 కలిస్తే 80. లెక్క సరిపోయింది! చెట్లు నది మధ్యలో ఓ లంక మీద నిలిచిపోయాయి. ఇంతా చేస్తే కాగితం మీద అదొక గీత. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియడం కోసమే ఈ వృత్తిలో అన్నేళ్ల చదువు.

ఇంకొకటి కూడా ఉంది. సముద్రపు పోటు వల్ల అక్కడి నీటిమట్టం రోజూ మీటరు పైగా లేచి పడుతుంటుంది. గోడ కడితే పోటులో బాగుంటుంది, పాటులో బురద గోడ. అందుకని ఒడ్డును మెట్లు మెట్లుగా దించి, ఒక్కో మెట్టు మీద ఆ తడికి తట్టుకునే మొక్కలు వేశారు. పైన నడక వంతెనలు. నీరు ఎంత ఉన్నా మనిషి దాని పక్కనే ఉంటాడు. ఆ పార్కుకు 2002లో అమెరికా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘం అవార్డిచ్చింది. దానికన్నా పెద్ద తీర్పు జోంగ్‌షాన్ జనానిది. తుప్పు అని విసుక్కున్న ఆ క్రేన్ల ముందే కొత్త జంటలు పెళ్లి ఫొటోలు తీయించుకోవడం మొదలుపెట్టాయి.

కాలేజీలో నాట్లు

షెన్‌యాంగ్ ఈశాన్య చైనాలో చలి ప్రాంతం. మంచి బియ్యానికి పేరు. అక్కడి ఆర్కిటెక్చర్ యూనివర్సిటీకి సిటీ మధ్యలో చోటు చాలక శివార్లకు మారింది. కొత్త క్యాంపస్ వచ్చిన నేల అంతకు ముందు వరి పొలం. భవనాలయ్యాయి, డబ్బులు అయిపోవచ్చాయి. టైమూ లేదు. ల్యాండ్‌స్కేప్ ఏదో ఒకటి తొందరగా, చవగ్గా చేసిపెట్టమన్నారు.

చవగ్గా, తొందరగా, అందంగా... ఈ మూడూ ఒకేసారి అడగని క్లయింటు ప్రపంచంలో ఎక్కడా ఉండడేమో! యూ ఆలోచించారు. ఈ నేలలో తొందరగా పెరిగేదేంటి? దాని సంగతి తరతరాలుగా ఎవరికి తెలుసు? జవాబు కళ్లముందే ఉంది. క్యాంపస్ మధ్యలో మళ్లీ వరే వేయించారు.

అదేదో నమూనాకు నాలుగు మడులు కాదు. నిజమైన పొలం. తిన్నటి నడక దారులు, వాటి పక్కన చెట్లు. అక్కడక్కడా మడి నడిమధ్యలో చిన్న చదరపు అరుగులు, కూర్చుని చదువుకోవడానికి. చుట్టూ పైరు. వాన నీళ్లు ఓ చెరువులో పట్టి పొలానికి పెట్టారు. నాట్లకు విద్యార్థులే దిగారు, కోతలకూ వాళ్లే. నాట్లరోజు, కోతలరోజు క్యాంపస్‌లో ఉత్సవాలయ్యాయి. పండిన బియ్యాన్ని చిన్న సంచుల్లో కట్టి, యూనివర్సిటీ పేరు వేసి, వచ్చిన అతిథులకు జ్ఞాపికగా ఇచ్చారు. శాలువాలూ షీల్డులకన్నా నయం కదూ?

ఇదంతా ముచ్చట కోసం కాదు. ప్రపంచ సాగుభూమిలో పదో వంతు కూడా లేని దేశం చైనా. ఏటా ఎంతో పొలం ఊళ్ల కింద పోతోంది. రేపు భవనాలు గీయబోయే పిల్లలు ఒక్కసారైనా మోకాలి లోతు బురదలో నిలబడితే, పొలం మీద గీత గీసేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగుతుందని ఆయన ఆశ. మన ఇంజినీరింగ్ కాలేజీల సంగతి తలచుకుంటే నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. వాటిలో ఎన్ని పచ్చటి పొలాల మధ్యలో లేవలేదు! ఆ పొలంలో ఓ ఎకరం ఉంచుకోవాలని ఎవరికి తోచింది?

తవ్విన మట్టి ఎక్కడికీ పోదు

యూ పనుల్లో ఖర్చు తక్కువ కావడానికి ఓ కారణం, ఆయన పద్ధతి మన ఊళ్లో కుంట తవ్వే పద్ధతే కావడం. గుంట తవ్వు, ఆ మట్టిని పక్కనే దిబ్బగా పోయి. లారీలు అక్కర్లేదు. గుంటలో నీళ్లు, దిబ్బ మీద చెట్లు. 

హార్బిన్ నగరంలో ఇలాగే చేశారు. చున్‌లీ అనే కొత్త ప్రాంతం కడుతుంటే మధ్యలో 34 హెక్టార్ల చిత్తడి నేల చిక్కుకుపోయింది. నాలుగు వైపులా రోడ్లు, నీరొచ్చే దారి లేదు, ఎండిపోతోంది. మరోవైపు అక్కడ ఏడాది వానలో సగానికి పైగా జూన్, జులై, ఆగస్టుల్లోనే కురిసి వీధుల్ని ముంచుతుంది. ఒకరికి నీళ్లెక్కువ, పక్కనే ఒకరికి నీళ్లు లేవు. యూ చిత్తడి నేల నడిమి భాగాన్ని ముట్టుకోలేదు. చుట్టూ అంచుల్లో మాత్రం గుంటలు, దిబ్బలు వలయంలా తవ్వించారు. చుట్టుపక్కల వీధుల వాన నీరు పైపుల్లో ఆ వలయంలోకి వస్తుంది. గుంటల్లో మట్టీ మురికీ దిగాక లోపలికి పోతుంది. దిబ్బల మీద బిర్చ్ చెట్లు, వాటి పైనుంచి నడక వంతెన. మనుషులు పైన నడుస్తారు, పక్షులు కింద వాటి పని చూసుకుంటాయి.

దోమలు రావా, పాములు రావా? ఇలాంటి డిజైన్ బల్ల మీద పెట్టగానే ఏ దేశంలోనైనా వచ్చే ప్రశ్న ఇదే. రావని చెప్పడం అబద్ధమే అవుతుంది. నీరు కదులుతుంటే, అందులో చేపలుంటే, తూనీగలు తిరుగుతుంటే దోమ గుడ్డు దోమ అయ్యేది తక్కువ. చెత్తవేసి పూడ్చిన కాలువలో ఎక్కువ. కాబట్టి కట్టాక చూసుకునేవాళ్లు కావాలి. పార్కు ప్రారంభానికి రిబ్బను కత్తిరించే చేతులు దొరికినంత తేలిగ్గా, పదేళ్ల తర్వాత పూడిక తీసే చేతులు దొరకవు. ఈ వృత్తికి అసలైన పరీక్ష అక్కడే.

ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. చాలాచోట్ల డిజైనర్ ఫీజు ప్రాజెక్టు ఖర్చులో ఇంత శాతం అని ఉంటుంది. గ్రానైట్ పరిస్తే ఖర్చూ పెరుగుతుంది, ఫీజూ పెరుగుతుంది. గడ్డిని దాని మానాన పెరగనిస్తే రెండూ తగ్గుతాయి. ఖర్చు తగ్గించే డిజైనర్ తన జేబే కోసుకుంటున్నట్టు! కాంట్రాక్టరుకూ గిట్టదు. ఊళ్లో పెద్దలకూ చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

అందుకే యూ డ్రాయింగుల మీద ఎంత కూర్చున్నారో మేయర్ల ముందు అంత నిలబడ్డారు. నగరాల నాయకులకు ఉపన్యాసాలిచ్చారు. వాళ్లకోసమే 2003లో సహ రచయితతో కలిసి పుస్తకం రాశారు. ఉత్తరాలు రాస్తూనే పోయారు. చైనాలో ఒక మేయరు ఊ అంటే నది రూపు మారిపోతుంది. అదే మేయరు ఊహూ అంటే నూరు పరిశోధనలున్నా ఒరిగేదేమీ లేదు. పాత తోటల పండితులు ఆయన్ని వెక్కిరించారు. ఆనకట్టల్నీ సిమెంటు గట్లనీ తప్పుపడుతున్నాడు కాబట్టి అమెరికా గూఢచారి అన్నవాళ్లూ ఉన్నారు. పల్లెలో గేదెలు కాసిన మనిషి తన ఊరి చెరువు గురించి మాట్లాడితే విదేశీ మాట అయింది!

2012 జులై 21న బీజింగ్‌లో కుండపోత వాన. దేశ రాజధాని వీధుల్లో కార్లు మునిగిపోయాయి. 79 మంది చనిపోయారు. అంతవరకూ పట్టించుకోని మాటలు ఆ వాన తర్వాత చెవికెక్కాయి. 2013 చివర్లో అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ నోట ‘స్పాంజ్ నగరం’ అన్న మాట వచ్చింది. 2015లో 16 నగరాలను ప్రయోగానికి ఎంచుకున్నారు. 2030 నాటికి నగరాల విస్తీర్ణంలో 80 శాతం చోట్ల, కురిసిన వానలో కనీసం 70 శాతాన్ని అక్కడికక్కడే ఇంకించుకోవాలో వాడుకోవాలో అని లక్ష్యం పెట్టారు. 

యూ లెక్క ప్రకారం స్పాంజ్ నగరానికి చేయాల్సినవి మూడే పనులు. పడినచోటే నీటిని పట్టు. పారే నీటిని నెమ్మదించు. చివరికి చేరేచోట దానికి తావు వదిలిపెట్టు.

చింతచెట్టు కొమ్మ మీద

ఈ మూడు మాటలూ తెలుగువాళ్లకు కొత్తవి కావు. కాకతీయుల కాలం నాటి పాఖాల, రామప్ప చెరువులు ఇవాళ్టికీ నీళ్లతో ఉన్నాయి. పై చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువుకు, అది నిండితే మరో చెరువుకు... గొలుసుకట్టు. వాన ఎంత కురిసినా నీరు ఊరి మీద పడే ముందు ఎన్ని గుమ్మాలు దాటాలో! ఆ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా మిగతాదంతా దండగే. చెరువు పూడిస్తే స్థలం వస్తుంది, నీళ్లకు మాత్రం పాత చిరునామానే గుర్తుంటుంది. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ దగ్గర బస్సు దిగితే ట్యాంకు కనిపించదు, పేరే మిగిలింది. 2020 అక్టోబరు వానలకు భాగ్యనగరంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి కూర్చుంది. మిద్దెల మీద నుంచి పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం చేతులు చాచిన కుటుంబాలు ఈ మాటలు చదువుతున్నవాళ్లలోనూ ఉండొచ్చు.

ఆ విల్లో కొమ్మ కథ కూడా మనకు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ఊడ్చేసినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఓ చింతచెట్టు పట్టుకుని 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. అక్కడ విల్లో, ఇక్కడ చింత. తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నీళ్లకు చోటు చూపించడమంటే అదే. 

జెంగ్‌జౌ అడిగిన ప్రశ్న

ఇంతవరకే చెబితే యూ కథ పూలదండలా ఉంటుంది. 2021 జులై 20న జెంగ్‌జౌ నగరంలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఏడాదంతా కురవాల్సినంత వాన దాదాపు మూడు రోజుల్లో పడింది. భూగర్భ మెట్రో రైల్లోకి నీళ్లొచ్చి, పనులు ముగించుకుని ఇంటికి పోతున్న 14 మంది ప్రాణాలు పోయాయి. జెంగ్‌జౌ స్పాంజ్ నగరం పనులకు కోట్లకు కోట్లు పెట్టిన ఊరు. మరి స్పాంజ్ ఏమైంది? అని దేశమంతా అడిగింది. 

అడగాల్సిన ప్రశ్నే. ఎంత మంచి స్పాంజ్ అయినా బిందెడు నీళ్లు పోస్తే కారిపోతుంది. అలాంటి వానకు తట్టుకోవాలంటే మంచి పైపులూ కావాలి, రైలు ఎప్పుడు ఆపాలో తెలిసిన అధికారీ కావాలి. ఉద్యానవనాలతోనే పనైపోతుందన్న భ్రమ ప్రమాదకరం. యూ తరఫు మాట కూడా ఉంది. చాలా నగరాలు నీళ్లింకే టైల్స్ నాలుగు పరిచి, బోర్డు పెట్టి, స్పాంజ్ నగరం అయిపోయాం అనుకున్నాయని, పూడ్చిన చెరువుల్నీ కప్పేసిన నేలనూ మాత్రం వదల్లేదని ఆయన అంటూ వచ్చారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కాకపోతే ఆ 14 ఇళ్లలో దీనికి జవాబు దొరకదు. తన పేరుతో ముడిపడ్డ ఆలోచన కట్టే చేతుల్లో ఎలా మారిపోతుందో చూస్తూ ఉండటం డిజైనర్లకు దక్కే కష్టాల్లో ఒకటి. డ్రాయింగు ఆయనది. కట్టింది, కుదించింది, ఖర్చు రాసుకుంది వేరేవాళ్లు.

పనులు మాత్రం ఆగలేదు. అంతకు ముందే 2010లో షాంఘై ఎక్స్‌పో కోసం హువాంగ్‌పూ నది ఒడ్డున, పాత ఉక్కు ఫ్యాక్టరీ ఉన్నచోట, 1.7 కిలోమీటర్ల పొడవున హౌతాన్ పార్కు వేశారు. మడుల్లోంచీ రెల్లులోంచీ పారుతూ రోజుకు 2,400 ఘనపు మీటర్ల మురికి నీరు శుభ్రపడేలా రూపొందించిన తోట అది. 2022లో బ్యాంకాక్‌లో పొగాకు ఫ్యాక్టరీ నేల మీద బెంజకిట్టి అటవీ పార్కు తయారైంది. వందెకరాల పైమాటే. పద్దెనిమిది నెలల్లో, చాలావరకు సైనికులు కూలిపని చేయగా, నీళ్ల మధ్య చిన్న చిన్న మట్టి దిబ్బలు వందలు లేచాయి. ప్రతి దిబ్బ మీదా మొక్క. అదే గుంట, అదే దిబ్బ! 2023లో ల్యాండ్‌స్కేప్ రంగంలో పెద్దదైన ఓబర్‌లాండర్ బహుమతి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆ బహుమతి రెండేళ్లకోసారి ఇస్తారు. ఆయనది రెండోది.

2025 సెప్టెంబరులో ఆయన బ్రెజిల్ వెళ్లారు. పంటనాల్ అనే ప్రాంతం ఉందక్కడ. ఉష్ణమండలంలో ప్రపంచంలోనే అతిపెద్ద చిత్తడి నేల. ఎవరూ తవ్వనిది, ఎవరూ గీయనిది, వానాకాలంలో ఓ సముద్రమంత నీటిని పట్టుకుని, ఎండాకాలం పొడుగునా మెల్లగా వదిలిపెట్టే స్పాంజ్. జీవితమంతా చిన్న చిన్న ముక్కలుగా ఊళ్ల మధ్య తయారుచేయాలని చూసింది అక్కడ కళ్లముందు అడ్డూ ఆపూ లేకుండా పరుచుకుని ఉంది. స్పాంజ్ నగరాల మీద తీస్తున్న డాక్యుమెంటరీ కోసం చిన్న విమానంలో దాని మీద తిరిగారు. 23వ తేదీ సాయంత్రం అకిదౌవానా దగ్గర ఆ విమానం కూలిపోయింది. ఆయనతో పాటు ఇద్దరు బ్రెజిల్ సినిమా దర్శకులు, పైలట్ చనిపోయారు. యూకి 62 ఏళ్లు.

పంటనాల్‌లో సెప్టెంబరు అంటే నీళ్లు బాగా దిగిపోయి, గడ్డి ఎండి ఉండే కాలం. మళ్లీ వానలు ఊపందుకునేది నవంబరు ప్రాంతంలో.